బురుల్‌కి కడుపు నిలిచిన ఏడు

కొండల నడుమ సరస్సు ఒడ్డునున్న బలిక్చి ఊళ్లో బజారు వెనక వీధిలో కేకులు చేసే బురుల్ అంటే తెలియని ఇల్లు తక్కువ. పెళ్లికైనా, బిడ్డను ఊయల్లో వేసే వేడుకకైనా, బడి చదువు ముగిసే ఆఖరి గంట పండుగకైనా తేనె కేకు ఆమె చేతిదే కావాలని పట్టుబట్టేవాళ్లు. పొడగరి, మితభాషి, ముప్పై నాలుగేళ్ల మనిషి. భర్త మెదెర్ బోమ్ లోయలో రోడ్డు మీద పడ్డ రాళ్లూ మట్టీ తోసే బండి నడుపుతాడు. కొండ విరిగినప్పుడల్లా అక్కడి రేకుల గదిలోనే ఉండిపోతాడు. ఇంట్లో మిగిలేది బురుల్, అత్తగారు జూరాకాన్. కడగొట్టు కొడుకు ఇల్లే తల్లి ఇల్లు కనుక ముసలామె వీళ్ల దగ్గరే ఉంటుంది.

పెళ్లయ్యాక బురుల్‌కి రెండుసార్లు కడుపు వచ్చి పోయింది. రెండోసారి పోయినప్పుడు ఆమె ఒక పెళ్లి కేకు మీద క్రీము పూలు అద్దుతోంది. పూలన్నీ అద్ది, వచ్చినవాళ్లకి కేకు అప్పగించి, ఆ తర్వాతే ఆస్పత్రికి వెళ్లింది. ఇది విని కొందరు గట్టి మనిషి అన్నారు, కొందరు రాతిగుండె అన్నారు. నిజానికి ఆమె ఆ రెండూ కాదు. కుర్చీలోంచి లేస్తే జరిగింది నిజమైపోతుందని భయపడి, లేవలేక అలా పూలు అద్దుతూ కూర్చుంది, అంతే.

మూడోసారి నెల తప్పినప్పుడు ఆ సంగతి మెదెర్‌కి తప్ప ఎవరికీ చెప్పలేదు. తను పొయ్యి మీద కొవ్వు కరిగిస్తుంటే ఆమె వాంతికి పెరట్లోకి పరిగెత్తడం జూరాకాన్ రెండుసార్లు చూసింది. మూడోసారి పొయ్యి కట్టేసి, "నాకు చూపు తగ్గింది గాని బుర్ర తగ్గలేదు, బిడ్డా. ఇక ఈ కొవ్వు వాసన మన ఇంట్లో ఉండదులే," అంది. అంతకు మించి ఏమీ అడగలేదు. కడుపు గురించి పైకి మాట్లాడితే దిష్టి తగులుతుందని ఆ ఊళ్లో అందరికీ భయమే.

ఆ వారమే బురుల్ గుడ్డ మీద ఎర్రటి మరక చూసింది.

టాక్సీలో ఆస్పత్రికి వెళ్తున్నంతసేపూ కాళ్లు దగ్గరగా బిగించుకుని కూర్చుంది, తన బలంతోనే బిడ్డను లోపల ఆపగలనన్నట్టు. అక్కడ కడుపు జారిపోకుండా ఆడవాళ్లను పడుకోబెట్టే వార్డు ఒకటి ఉంది. డాక్టరు రోజా ఇస్మాయిలొవ్నా స్కానింగు చేసి, గుండె కొట్టుకుంటోందని చెప్పింది. చెప్పాక మంచం పక్కన నిలబడి వరసగా ప్రశ్నలు వేసింది. ముందు ఎన్ని పోయాయి, ఎన్నో నెలలో పోయాయి, రక్తపోటు ఉందా. ఆ వరసలోనే అడిగింది: "మీ పుట్టింట్లో ఎవరికైనా షుగర్ ఉందా?"

కాళ్ల దగ్గర జూరాకాన్ కూర్చుని ఉంది.

"లేదు," అంది బురుల్.

అది అబద్ధం. బురుల్ తల్లి అత్‌బాషి కొండల్లో షుగర్‌తోనే పోయింది. ముందు ఒక వేలు నల్లబడింది, తర్వాత పాదం తీసేశారు. పెళ్లికి ముందు రెండేళ్లపాటు ఆ గాయం కడిగి కట్టు కట్టింది బురులే. ఆ వాసన ఆమెకి ఇప్పటికీ కలలో వస్తుంది. సంబంధం మాట్లాడటానికి మెదెర్ వాళ్లు వచ్చినప్పుడు, గుర్రం మీంచి పడి కాలు విరిగి కుంటుతోందని మేనమామలు చెప్పారు. షుగర్ ఇంటి పిల్ల అంటే ఎవరు చేసుకుంటారని వాళ్ల భయం. తర్వాత తల్లి పోయింది, గుర్రం కథ మాత్రం అలాగే ఉండిపోయింది.

గర్భం నిలవడానికి ప్రొజెస్టెరాన్ అనే హార్మోన్ ఇస్తామని డాక్టరు చెప్పింది. ముందు కొన్నాళ్లు నూనెలాంటి మందు పిరుదుకి సూదిగా వేశారు. అది గడ్డకట్టి పక్కకి తిరిగి పడుకోనిచ్చేది కాదు. తర్వాత పూటపూటా మాత్రలు. నాలుగో రోజుకి మరక ఆగింది. ఆ రోజు నుంచి బురుల్‌కి ఆ మాత్రే దిక్కు. నర్సు రావడం కాస్త ఆలస్యమైతే చాలు, తలుపు వైపే చూస్తూ కూర్చునేది. మాత్ర పడ్డాక గాని ఊపిరి తీసుకునేది కాదు.

పక్క మంచం మీద నాజీరా అనే ఆమె ఉండేది. నలుగురు పిల్లల తల్లి, అయిదో కాన్పు, నోరు మూతపడని మనిషి. వార్డులో అందరి కడుపుల చరిత్రా ఆమె దగ్గర ఉండేది. ఒక మధ్యాహ్నం పొద్దుతిరుగుడు గింజలు కొరుకుతూ, ఈ మందు గురించి తనకంతా తెలుసని మొదలుపెట్టింది. వాళ్ల పిన్ని కూతురు కూడా ఇదే వాడిందట. వాడిన నెలలోపే షుగర్ వచ్చిందట.

"బిడ్డ లోపల చక్కెర తాగి తాగి దూడలా పెరిగింది. తల బయటికొచ్చింది, భుజాలు రాలేదు. చెయ్యి విరిచి లాగారంట," అంది నాజీరా.

"మందు వల్లేనని ఎవరన్నారు, ఎజే?" అని, అక్కా అన్నట్టు, అడిగింది బురుల్.

"ఎవరనాలి? ముందు లేదు, మందు వాడాక వచ్చింది. దీనికి నేను చదువుకోవాలా?"

మర్నాడు డాక్టరు వచ్చినప్పుడు బురుల్ ధైర్యం చేసి అడిగింది. ఈ మందుకీ షుగర్‌కీ ఏమైనా సంబంధం ఉందా అని. రోజా ఇస్మాయిలొవ్నా ఆ ఉదయం అప్పటికే ఇద్దరికి కడుపు పోయిన కబురు చెప్పి వచ్చింది. నీకు బిడ్డ కావాలా, వార్డు కబుర్లు కావాలా అని విసుక్కుంది. తర్వాత తనే తగ్గి, ఇంట్లో షుగర్ లేని దానివి, నీకెందుకా భయం అంది. ఆ మాట బురుల్‌కి చెంపదెబ్బలా తగిలింది. నోరు తెరిచింది. మంచం కాళ్ల దగ్గర అత్తగారు వేడి పాల సీసా మూత తీస్తోంది. నోరు మూసుకుంది.

ఇంటికి వచ్చేసరికి వసంతం వచ్చి, బోమ్ లోయలోంచి సరస్సు మీదికి ఉలాన్ గాలి కొడుతోంది. ఆ గాలికి తలుపులు కొట్టుకుంటాయి, గడియలు ఊడతాయి, పగలంతా ఇసుక కిటికీల మీద రాలుతుంది. జూరాకాన్ కోడలిని మంచం దిగనివ్వలేదు. కేకులు వద్దంది, వచ్చినవాళ్లని గుమ్మంలోంచే పంపేసింది. కడుపుతో ఉన్న మనిషికి ఏది తినాలనిపిస్తే అది దొరకాలి, కోరిక తీరకపోతే బిడ్డకి లోటు అని అక్కడి నమ్మకం. బురుల్‌కి ఈసారి తీపి మీదే మనసు. చిక్కటి డబ్బా పాలు, ఆప్రికాట్ జాము, వెన్నలో వేయించిన బోర్సోక్ పిండి ఉండలు. ముసలామె ఇవన్నీ మోసుకొచ్చి పక్కన పెట్టేది. తింటున్నంతసేపూ ముఖంలోకి చూస్తూ కూర్చునేది.

బురుల్ తినేది. తిన్నాక చేతులు చూసుకునేది, కాళ్లు చూసుకునేది. ఇన్నేళ్లుగా రోజంతా క్రీము రుచి చూస్తూనే బతికానే, ఆ పాపమే ఇప్పుడు బయటపడుతోందా అనుకునేది. మళ్లీ, కాదు, మందే చేస్తోందనుకునేది. దాహం వేస్తే భయం, రాత్రి లేస్తే భయం. ఇవన్నీ కడుపుతో ఉన్నవాళ్లకి మామూలే, కాని అవన్నీ తల్లికి కూడా ఉండేవి.

తల్లి చనిపోయాక ఆమె వస్తువుల్లో బురుల్ తెచ్చుకున్నది షుగర్ చూసే చిన్న మిషను ఒక్కటే. పెట్టె అడుగున, పెళ్లి తలగుడ్డ కింద దాచింది. ఒక రోజు అత్తగారు బజారుకి వెళ్లినప్పుడు మందుల షాపు పిల్లకి ఫోను చేసి కొత్త పట్టీలు తెప్పించుకుంది. తెల్లారి ఏమీ తినకముందు వేలు పొడిచి చూసింది. అక్కడి కొలతలో తల్లికి పదిహేడూ పద్దెనిమిదీ చూపించిన మిషను తనకి అయిదున్నర చూపించింది. ముందు కాస్త ఊరట కలిగింది. అప్పుడు ఆస్పత్రి గోడ మీది కాగితం గుర్తొచ్చింది. కడుపుతో ఉన్నవాళ్లకి పరగడుపున అయిదూ పాయింటు ఒకటి దాటకూడదని ఎర్ర అక్షరాలతో ఉంది. మర్నాడు చూసింది, అంతే. ఆ మర్నాడు ఇంకాస్త ఎక్కువ.

మెదెర్‌కి ఫోను చేసింది. లోయలో సరిగా అందదు. "మిషను పాతదేమో," అన్నాడతను. అవతల బండి మోగుతోంది. "వచ్చే వారం వస్తాను. కలిసి వెళ్లి డాక్టరుకి చూపిద్దాం. అప్పటిదాకా ఏమీ చెయ్యకు, సరేనా?" సరే అంది.

కాని వచ్చే వారం దాకా ఆగడం ఆమె వల్ల కాలేదు. మందు వేసుకుంటే షుగర్, మానేస్తే బిడ్డ పోతుంది. పడుకున్నా లేచినా ఈ రెండే ఆలోచనలు. కడుపు పైన చెయ్యి వేసుకుంటే, లోపల ఉన్నది తన వల్ల ఉబ్బిపోతున్నట్టు, భుజాలు పెరిగిపోతున్నట్టు అనిపించేది. చివరికి ఒక ఉదయం మాత్ర నోట్లో వేసుకుని, అత్తగారు అటు తిరగ్గానే ఉమ్మేసి రుమాల్లో చుట్టింది. సాయంత్రం కూడా అంతే. ఎవరికీ చెప్పలేదు. అలా మూడు రోజులు గడిచాయి. షుగర్ తగ్గలేదు. మూడో రోజు మధ్యాహ్నం నడుము కింద పట్టేసినట్టయింది. లేచి చూసుకుంటే మళ్లీ మరక.

బురుల్ అరవలేదు. గోడ పట్టుకుని వంటింటి గుమ్మం దాకా వచ్చి, అమ్మని పిలిచినట్టు "అపా" అని మాత్రం అంది. జూరాకాన్ పిండి చేతులతోనే తిరిగి చూసింది. పక్కింటి కుర్రాడి కారు ఆపించి, కోడలిని వెనక సీట్లో పడుకోబెట్టి, ఆమె తల తన ఒళ్లో పెట్టుకుంది. పిండి బురుల్ జుట్టుకి అంటుకుంది. గాలికి కారు అటూ ఇటూ ఊగుతోంది. ముసలామె పెదాలు కదులుతున్నాయి. ప్రార్థన చేస్తోందనుకుంది బురుల్. కాదు, నెమ్మదిగా తోలమని కుర్రాణ్ణి తిడుతోంది.

ఆస్పత్రి నడవాలో స్కానింగు గది ఖాళీ అయ్యేదాకా చక్రాల మంచం మీద పడుకోబెట్టారు. అక్కడే, పైకప్పు చూస్తూ, బురుల్ చెప్పేసింది. మాత్రలు ఉమ్మేసిన సంగతి ముందు చెప్పింది. ఎందుకు ఉమ్మేసిందో చెప్పింది. చెప్తుంటే మాట మాట లాక్కుంటూ వచ్చి, ఇక ఆపడం తన చేతిలో లేకపోయింది. "మా అమ్మ గుర్రం మీంచి పడలేదు, అపా. షుగర్‌తో కాలు తీసేశారు. మీకు అబద్ధం చెప్పి నన్నిచ్చారు. నేను డాక్టరుకీ అబద్ధం చెప్పాను."

జూరాకాన్ మంచం పక్కకి జరిగింది. కోడలి జుట్టులో ఎండిన పిండి గిల్లి తీస్తూ కూర్చుంది.

"తెలుసు," అంది చివరికి. "పెళ్లిలో మీ అమ్మ నా పక్కనే కూర్చుంది కదా. ఆ జోడు వంగలేదు. పాదం ఉన్న జోడు వంగుతుంది. షుగర్‌కి పాదం తీసేసినవాళ్లని చూడలేదా నేను? అయినా నడక రాకముందే గుర్రమెక్కే అత్‌బాషి ఆడది గుర్రం మీంచి పడిందంటే నమ్మేంత వెర్రిదాన్నా?"

"మరి అప్పుడెందుకు అడగలేదు?"

"అడిగితే ఆవిడ తలెత్తుకోగలదా? అంత దూరం వచ్చింది, పిల్లను అప్పగించి వెళ్లింది. ఊరుకున్నాను." పిండి గిల్లడం ఆపి గొంతు మార్చింది. "కాని నువ్వు డాక్టరు దగ్గర దాచావు చూడు, అది తప్పు. నా మీద భయంతో కడుపులో దాని మీదికి తెచ్చుకున్నావు. అంత గయ్యాళిదాన్నా నేను?"

బురుల్ ఏడ్చింది. ముసలామె ఆపమనలేదు.

స్కానింగులో గుండె కొట్టుకుంటోంది. ఆ చప్పుడు గదంతా నిండితే బురుల్ రెండు చేతులతో ముఖం కప్పుకుంది. రోజా ఇస్మాయిలొవ్నా అంతా విన్నాక కోప్పడుతుందనుకున్నారు. కోప్పడలేదు. కుర్చీ లాక్కుని కూర్చుంది. అత్తగారి ఎదుట ఆ ప్రశ్న అడగడం తన పొరపాటేనంది. ఆ రోజు మందు గురించి అడిగితే విసుక్కున్నందుకు ఇప్పుడు సమాధానం చెప్తానంది.

"నీకు ఖచ్చితంగా ఉందనో లేదనో చెప్పమంటే నేను చెప్పలేను. చాలామంది ఆడవాళ్లని చూసి లెక్కలు కట్టారు. ఈ హార్మోన్ వాడినవాళ్లలో షుగర్ కాస్త ఎక్కువ కనబడిందని కొందరన్నారు. తేడా ఏమీ లేదని కొందరన్నారు. వారం వారం వేసే ఒక రకం సూదిమందు మీదే అనుమానం ఎక్కువ. అసలు ఈ మందు ఎవరికిస్తాం? వయసు పైబడ్డవాళ్లకి, కడుపులు పోయినవాళ్లకి. వాళ్లకి మందు లేకపోయినా షుగర్ వచ్చే వీలుంది."

"నాకు దేనివల్ల వచ్చింది?"

"మీ అమ్మ నుంచి వచ్చి ఉండొచ్చు. వయసు వల్ల కావచ్చు. మందు కాస్త తోడై ఉండొచ్చు, అదీ కాదనను."

"మాత్ర మానేస్తేనే కదా మరక వచ్చింది?"

"అది కూడా చెప్పలేను, బురుల్. ముందు కడుపులు పోయి, మళ్లీ రక్తం కనబడినవాళ్లకి దీనివల్ల కొంత మేలుందని తేలింది. కొంతే. వేసుకుంటూ పోగొట్టుకున్నవాళ్లు ఉన్నారు, వేసుకోకుండా నిలుపుకున్నవాళ్లు ఉన్నారు."

ఆ మాటలు విన్నాక బురుల్‌కి భయం తగ్గలేదు. ఇంకోలా మారింది. అంతవరకు ఎవరికో అంతా తెలుసు, తనకి చెప్పడం లేదు అనుకునేది. ఇప్పుడు డాక్టరుకి కూడా తెలియదని తెలిసింది. ఆనుకోవడానికి గోడే లేనట్టయింది. అయినా ఆ రోజు నుంచి డాక్టరు ఏం చెప్పినా నమ్మింది. తెలియదని ఒప్పుకున్న మనిషి తెలుసన్నప్పుడు నిజమే చెప్తుందని ఆమె లెక్క.

మాత్ర మళ్లీ మొదలుపెట్టారు. నాలుగో నెల దాటాక ఆపాల్సిన వేళకి డాక్టరే ఆపింది. ఆ వారమంతా బురుల్ గుడ్డలు చూసుకుంటూనే గడిపింది. ఏమీ కాలేదు. మందు ఆపితే షుగర్ కూడా పోతుందని లోలోపల ఆశపడింది. పోలేదు. నెలలు పెరిగేకొద్దీ అదీ పెరిగింది. అప్పుడిక మందుని తిట్టుకోవడానికి కూడా లేకపోయింది.

తిండి మార్చారు. తెల్ల రొట్టె, జాము, డబ్బా పాలు బంద్. గ్రెచ్కా గింజల అన్నం, గుడ్డు, మాంసం, కూరగాయలు, పంచదార లేని టీ. తిన్నాక నడక. ఇది చెప్పినంత తేలిక కాదు. ఆ ఊళ్లో ఎవరింటికెళ్లినా రొట్టె ముక్క తుంచి నోట్లో వేసుకోకుండా గడప దాటకూడదు. దాటితే ఆ ఇంటిని చిన్నబుచ్చినట్టే. ఒకసారి మెదెర్ పెద్ద వదిన వచ్చి, బల్ల మీది రొట్టె ముట్టని బురుల్‌ని చూసి, కేకులమ్మకి రొట్టె ఆనడం లేదు కాబోలు అని దెప్పింది. బురుల్ తల దించుకుంది. జూరాకాన్ అటు చూడకుండానే, "దానికి షుగర్. వాళ్లమ్మకీ ఉండేది. దాని వంతు రొట్టె కూడా నువ్వే తిను, ఎలాగూ తింటావు," అంది. మామూలుగా ఏ ఇంట్లోనైనా గుసగుసగా చెప్పుకునే మాట అలా టీ కప్పుల మధ్య బాహాటంగా పడింది. ఆ వారం చివరికి ఊరందరికీ తెలిసింది. బురుల్ సిగ్గుతో చచ్చిపోతాననుకుంది. చావలేదు సరికదా, బజారులో ఇద్దరు ఆడవాళ్లు ఆమెని పక్కకి పిలిచి తమకీ ఉందని చెప్పుకున్నారు.

ఏడో నెలలో తిండితో లొంగకపోయేసరికి ఇన్సులిన్ వేసుకోవాలన్నారు. తల్లికి ఇన్సులిన్ మొదలుపెట్టిన ఏడాదే పాదం పోయింది. మందు వల్ల పోలేదని తెలుసు. తెలిసినా సూది కనబడగానే ఆ వాసన ముక్కుకి తగిలేది. కడుపు మీద పొడిస్తే బిడ్డకి తగులుతుందని ఇంకో భయం. చర్మం కిందికి తప్ప పోదని నర్సు బొమ్మ గీసి చూపించినా సూది దించుకోలేకపోయేది. రెండు రోజులు చూసి జూరాకాన్ సూది లాక్కుంది. కల్హోజ్ అనే ఉమ్మడి పొలాల కాలంలో ఆమె గొర్రెల మందకి టీకాలు వేసేది.

"కదలకు. ఒక్క గొర్రె కూడా నా మీద ఫిర్యాదు చెయ్యలేదు."

"గొర్రెలకి నోరుంటే చేసేవేమో, అపా."

"నీకుంది గదా, చెయ్యి. ఇదిగో, అయిపోయింది."

నిజంగానే తెలియలేదు. కాన్పు దాకా రోజూ ముసలామే పొడిచింది.

బిడ్డ పెద్దదిగా ఉందని స్కానింగులో తేలింది. రాజధానిలో పెద్ద ప్రసూతి ఆస్పత్రికి వెళ్లమన్నారు. మెదెర్ సెలవు పెట్టి వచ్చాడు. తను రోజూ రాళ్లు తోసే లోయలోంచే కారు తోలుకుంటూ, ప్రతి మలుపు దగ్గరా కొండ మీదికి చూశాడు. "భయమేస్తోందా?" అని అడిగాడు. "నీకు?" అంది బురుల్. అతను ఒక చెయ్యి చాచి ఆమె చెయ్యి పట్టుకున్నాడు. తర్వాత చాలా దూరం వదల్లేదు.

నెలలు నిండడానికి కాస్త ముందే నొప్పులు రప్పించారు. మధ్యాహ్నం దాకా బాగానే ఉంది. తల వచ్చింది, ఆగిపోయింది. గదిలో మాటలు ఒక్కసారిగా మారాయి. ఒకరి బదులు నలుగురు వచ్చారు. కాళ్లు పొట్ట మీదికి మడిచి పట్టుకున్నారు, ఒకామె పొత్తికడుపు పైన అరచేత్తో నొక్కింది. ఎవరూ ఏమీ చెప్పకపోయినా బురుల్‌కి అర్థమైపోయింది. నాజీరా చెప్పిన కథ లోపల తను ఇప్పుడు పడుకుని ఉంది. చెయ్యి విరిస్తే విరవండి, బిడ్డని ఇవ్వండి అనుకుంది. పైకి కూడా అన్నదట, తర్వాత చెప్పారు. కొద్ది క్షణాలే అయుంటుంది. బిడ్డ జారి బయటపడింది. ఏడవలేదు. వీపు రుద్దారు, కాళ్లు తట్టారు. అప్పుడు పిల్లి కూనలా ఒక్క కూత.

ఆడపిల్ల. బొద్దుగా, ఎర్రగా, చెయ్యి విరక్కుండా ఉంది. కాని కాసేపటికే చేతులు సన్నగా వణకడం మొదలైంది. మడమ పొడిచి చూస్తే బిడ్డ షుగర్ బాగా పడిపోయింది. లోపల ఉన్నన్నాళ్లూ తల్లి చక్కెరకి అలవాటుపడ్డ ఒళ్లు, బొడ్డు కోయగానే అది అందక అలా అవుతుందని చెప్పి అద్దాల పెట్టెలోకి తీసుకెళ్లారు. నెలల తరబడి ఏ చక్కెర పేరు చెబితే బురుల్‌కి గుండె జారేదో, ఆ చక్కెర నీళ్లనే చుక్క చుక్కగా బిడ్డ నరంలోకి ఎక్కించారు. బురుల్ చక్రాల కుర్చీలో అద్దం అవతల కూర్చుంది. లేచి వెళ్లమని ఎవరన్నా వినలేదు. ఆ చిన్ని గుప్పిట వణుకుతున్నంతసేపూ తన గుప్పిట బిగించి పట్టుకుంది. మర్నాడు మధ్యాహ్నానికి వణుకు ఆగింది. ఆ మర్నాడు బిడ్డను ఒళ్లో పెట్టారు. పాలు పట్టింది.

పేరు దగ్గర పెద్ద గొడవే అయింది. పోయి పోయి నిలిచిన బిడ్డకి 'నిలిచింది' అనే అర్థం వచ్చేలా తొక్తోబూబూ అని పెట్టాలని జూరాకాన్ పట్టు. అంత పాతకాలం పేరైతే బళ్లో పిల్లలు ఏడిపిస్తారని మెదెర్. ఏడిపిస్తే ఆ పిల్లల ఇళ్లకి తను వెళ్తానంది ముసలామె. చివరికి కాగితం మీద సెజిమ్ అని రాయించారు. ఇంట్లో మాత్రం ఇప్పటికీ అందరూ తొక్తో అనే పిలుస్తారు, మెదెర్‌తో సహా.

కాన్పయ్యాక బురుల్ షుగర్ దానంతటదే దిగింది. కాని పోయిందనుకోవద్దని, ఇలా వచ్చినవాళ్లలో చాలామందికి ముందు ముందు అది నిలిచిపోయే జబ్బుగా తిరిగొస్తుందని, ఏటా చూపించుకోమని చెప్పి పంపారు. బురుల్ మళ్లీ కేకులు చేస్తోంది. రుచి చూసే పని జూరాకాన్‌ది. ఆమెకి ఎంత పంచదార వేసినా చాలదు, అందుకని ఈ మధ్య ఊళ్లో కేకులు కాస్త తియ్యనయ్యాయని అంటున్నారు. అప్పుడప్పుడు కేకు చెప్పడానికి వచ్చే అమ్మాయిలు గుమ్మంలో తచ్చాడతారు, మాత్రల సంగతి అడగడానికి. మానేయమని గాని వేసుకోమని గాని బురుల్ చెప్పదు. తను మూడు రోజులు ఉమ్మేసిన సంగతి చెప్తుంది, ఇంట్లో ఎవరికి ఏ జబ్బుందో డాక్టరుకి దాచకుండా చెప్పమంటుంది.

భయం పోయిందా అంటే పోలేదు. ఈ వసంతంలో కూడా పరీక్షకి వెళ్లింది. రక్తం ఇచ్చి, నడవాలో బల్ల మీద చల్లబడ్డ చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. తలుపు తెరుచుకున్న ప్రతిసారీ తన పేరే అనుకుంది. చివరికి పిలిచారు. ఈ ఏటికి ఏమీ లేదన్నారు. కాగితం తీసుకుని బయటికి వచ్చేసరికి గేటు దగ్గర జూరాకాన్, తొక్తోని చంకనేసుకుని, పొగబెట్టిన చేపలు అమ్మే మనిషితో బేరం పెట్టుకుని ఉంది. కోడలిని చూసి కళ్లతోనే అడిగింది. బురుల్ తలూపింది. ముసలామె వెంటనే చేపల మనిషి వైపు తిరిగి, ఆ పెద్దది తియ్యి, దాని కన్ను చూడనియ్యి అంది.